ఆ ఫోటోలో పిల్ల నా దగ్గర లేదు

అన్నయ్యా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "ఏయ్ పిచ్చిదానా" అని నవ్వేస్తావు. ఆ నవ్వు వినగానే నా కోపం సగం జారిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. ఈసారి అలా జరగడానికి వీల్లేదు. నా కోపం ఒక్క చుక్క కూడా ఒలికిపోకుండా నీకు చేరాలి. అందుకే కుట్టుమిషన్ మీద మూత వేసి, ఆ మూత మీదే కాగితం పరిచాను. చుట్టూ పొడవు తగ్గించాల్సిన ప్యాంట్లూ, జిప్పులు ఊడిన సంచులూ పడి ఉన్నాయి. రేపు జనం వచ్చి అడుగుతారు. అడగనీ.

ముందే చెప్పేస్తున్నాను. నీ కొత్త స్టూడియో అద్దాల కిటికీలో పెట్టావే మనందరి ఫోటో, అది తీసెయ్యి. ఉత్తరం చదవడం అయ్యాక కాదు. ఇక్కడితో ఆపి, లేచి వెళ్ళి తీసేసి, వచ్చి మిగతాది చదువు.

తీశావా? తీసి ఉండవు. నీ సంగతి నాకు తెలియదా! సరే, ఎందుకు తీయాలో విను.

పోయిన వారం సంచికి జిప్పు వేయించుకోవడానికి ఒకావిడ వచ్చింది. గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ పాపకు నయమైపోయిందటగా! స్టూడియోలో ఫోటో చూశాను. ఎంత బుద్ధిగా నిలబడిందో! ఏ మందు వాడారో చెప్పండమ్మా, మా ఆడపడుచు కొడుక్కీ అదే బాధ" అంది. ఏం మాట్లాడుతోందో నాకు అర్థం కాలేదు. మా గవ్వకు ఉన్నది ఆటిజం, అది జలుబు కాదు తగ్గడానికి అన్నాను. ఆవిడ నమ్మలేదు. మందు పేరు దాచుకుంటున్నానని అనుకుంది. సంచి తీసుకోకుండానే మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే గవ్వను తీసుకుని నీ స్టూడియోకి వచ్చాను. నువ్వు లేవు, తాళం వేసి ఉంది. అద్దం ముందు నిలబడ్డాం. ఫోటోలో ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి గవ్వ చెప్పింది. "అమ్మ. నాన్న. అమ్మమ్మ. మామయ్య. అత్త. పెద్దపాప." పెద్దపాప అంటే నీ కూతురే. తర్వాత దాని వేలు దాని బొమ్మ మీదకే వచ్చింది. కాసేపు చూసింది. "పెద్దపాప" అంది మళ్ళీ.

నా పిల్ల తప్పు చెప్పలేదన్నయ్యా. అవి నీ కూతురి కళ్ళే. గవ్వ కెమెరాను చూడలేదని పెద్దపాప కళ్ళు తెచ్చి దాని ముఖంలో పెట్టావు. నువ్వు ఫోటోలు తీసే మనిషివైతే నేను కుట్టే మనిషిని. అతుకు ఎక్కడ వేశారో నాకు చెప్పక్కర్లేదు. దాని ఎర్ర హెడ్‌ఫోన్లు తీసేశావు. అవి పాటలు వినేవి కావనీ, చప్పుడు లోపలికి రాకుండా ఆపేవనీ నీకు తెలుసు. కుక్కర్ కూతకే గింగిరాలు తిరిగిపోయే పిల్లకు అవి ఎంత అవసరమో కూడా తెలుసు. అవి తీశాక కింద చెవులు కావాలి కదా, ఆ చెవులు కూడా ఎక్కడి నుంచో తెచ్చి పెట్టావు. గవ్వ కుడి చెవి పైన పుట్టినప్పటి నుంచీ చిన్న నొక్కు ఉంటుంది. ఆ నొక్కు లేదు. చేతిలో దాని కొలత టేపు లేదు. మీట నొక్కితే టప్పున లోపలికి పోయే ఆ టేపు పట్టుకోకుండా అది ఇల్లు దాటదు. కాస్త తెరిచి ఉండే నోరు మూసేశావు. ఒక చెయ్యి అటూ ఒక చెయ్యి ఇటూ పెట్టి, బట్టల కొట్టు బొమ్మలా నిలబెట్టావు.

నేను ఇన్నేళ్ళుగా బట్టను మనిషికి సరిపోయేలా కత్తిరిస్తున్నాను. మనిషినే కత్తిరించిన వాడివి నువ్వొక్కడివే.

అయినా అప్పుడు ఊరుకున్నాను. మన అన్నయ్యే కదా, బాగుంటుందని ఏదో చేశాడు, నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. నిన్న బడి నుంచి ఫోన్ వచ్చింది. "మీ పాప క్లాసులో గోల గోల చేస్తోంది, వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే అంగుస్తానా అలాగే ఉంది, చెప్పులు కూడా జతవి వేసుకోలేదు, పరిగెత్తాను. వరండాలో బెంచీ కింద దూరి ఉంది నా పిల్ల. రెండు చేతులతో చెవులు మూసుకుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఊగుతోంది. మణికట్టు దగ్గర పళ్ళ గాట్లు, దాని పళ్ళే. చుట్టూ పిల్లలు మూగి చూస్తున్నారు. అది మాత్రం వాళ్ళకు "తలుపులకు దూరంగా నిలబడండి, దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అని చెబుతూనే ఉంది. మేం ఎక్కే బస్సులో రికార్డు గొంతు చెప్పే మాట అది. దగ్గరికి రావద్దని చెప్పడానికి దానికి వచ్చిన మాట అదొక్కటే. ఒక్కరు కూడా జరగలేదు.

హెడ్‌ఫోన్లు ఎక్కడని అడిగాను. టీచరమ్మ బీరువా తాళం చూపించింది. ఏమందో తెలుసా? "మీ అన్నయ్యగారి స్టూడియోలో ఫోటో చూశానండీ. హెడ్‌ఫోన్లు లేవు, గొడవ లేదు, చక్కగా కెమెరా వైపు చూస్తోంది. అంటే తలుచుకుంటే ఉండగలదు కదా! మీరే గారాబం చేసి అలవాటు చేశారు. మెల్లగా మాన్పిద్దామని ఇవాళ తీసి లోపల పెట్టాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చెప్పను? ఆ ఫోటో అబద్ధం, మా అన్నయ్యే మా పిల్లను చెరిపేసి వేరే పిల్లను గీశాడు అని చెప్పాలా? బెంచీ కింద నేనూ దూరి, దాని పక్కన చాలాసేపు కూర్చున్నాను. మళ్ళీ హెడ్‌ఫోన్లు అడిగితే, "రేపు ఒక్కరోజు చూద్దామండీ, అలవాటైపోతుంది" అంది టీచరమ్మ. ఇవాళ దాన్ని బడికి పంపలేదు.

నీ మీద నాకు ఇంకా ఎక్కువ మండుతున్నది ఎందుకో చెప్పనా? ఫోటో తీసిన రోజు నువ్వు ఎంత మంచివాడివి! ఫ్లాష్ పడదని నువ్వే అన్నావు. గొడుగు దీపాలు ఆర్పేసి, తెర తీసి, కెమెరాకు టైమర్ పెట్టి నువ్వూ మా పక్కకు వచ్చి, కిటికీ వెలుగులో తీశావు. "గవ్వ ఎటు చూస్తే అటే చూడనీ, దాని ఇష్టం" అని అందరి నోళ్ళూ మూయించావు. అమ్మ "ఆ చెవులవి తీయించవే" అంటే అమ్మనే కసిరావు. ఆ రోజు ఇంటికి వచ్చి నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను. అంతా తెలిసిన నువ్వే ఇలా చేస్తే, ఏమీ తెలియని టీచరమ్మను ఏ ముఖం పెట్టుకుని అనను?

కాబట్టి ఫోటో తీసెయ్యి. తర్వాత అసలు ఫోటో, నువ్వు వండి వార్చిన ఫోటో, రెండూ పట్టుకుని బడికి వెళ్ళు. ఏది తీశావో, ఏది గీశావో నీ నోటితో టీచరమ్మకు చెప్పు. చెప్పాక మా ఇంటికి రా. చెప్పకుండా రాకు.

నీ చెల్లెలు


*

గవ్వ వాళ్ళ నాన్నగారికి,

ఎప్పుడూ రాసే పిలుపు ఈసారి రాయబుద్ధి కాలేదు. ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు.

ఫోన్లో మాట్లాడదామంటే రేవు గేటు దగ్గరే మీ ఫోన్లు తీసుకుని పెట్టేసుకుంటారు. క్రేను దిగి బసకు వెళ్ళాక చుట్టూ మంచాలు, మంచాల మీద మనుషులు. "తర్వాత మాట్లాడతానే, అందరూ ఉన్నారు" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. ఇది చదువుతున్నప్పుడు ఎంతమంది ఉన్నా మీరు ఒక్కరే చదవాలి.

అన్నయ్య వచ్చాడు. కిటికీలో ఫోటో ఊడదీసి, తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు బడికే వెళ్ళాడట. టీచరమ్మ బల్ల మీద రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాడట. ఆవిడ చాలాసేపు అటూ ఇటూ చూసి, "ముందే చెప్పొచ్చుగా" అని బీరువా తెరిచిందట. క్షమించమనే మాట ఆవిడ నోట రాలేదు. ఇలాంటి వాళ్ళ నోట అది రాదు. హెడ్‌ఫోన్లు మాత్రం వచ్చాయి. గవ్వ వాటిని పెట్టుకుని బట్టల బీరువా వెనక సందులోకి వెళ్ళి కూర్చుంది. అదింకా బడి వైపు అడుగు వేయడం లేదు.

నేను అన్నయ్యను తిట్టడం మొదలుపెట్టాను. చాలా తిట్టాను. వాడు తలవంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి అన్నాడు. "ఇంకా తిట్టు, పడతాను. కానీ ఇది నా బుర్రలో పుట్టింది కాదే. బావ అడిగాడు."

చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టేశాను. చేతిలో ఉండటం మంచిది కాదనిపించింది.

మీరు సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు స్టేషన్‌కి పోయే దారిలో స్టూడియో దగ్గర ఆగారట. "పాపను కొంచెం సర్దిపెట్టు బావా, మామూలుగా ఉండేలా. క్వార్టర్స్ ఆఫీసులో కుటుంబం ఫోటో ఇవ్వాలి. మీ చెల్లెలికి చెప్పకు" అన్నారట. వాడు సర్దిపెట్టి మీకు పంపాడు. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయి ఒకటి తన కిటికీలో కూడా పెట్టుకున్నాడు. వాడి తెలివి అంతవరకే. మీ తెలివికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

రేవు కాలనీలో ఇల్లు రావాలని మీకొక్కరికే ఉందా? మీరు సెలవు మీద వచ్చిన ప్రతిసారీ, గవ్వ మీకు అలవాటు పడేసరికి మీ సంచి సర్దుకునే రోజు వచ్చేస్తుంది. మీరు వెళ్ళాక అది మీ చెప్పులు పెట్టే చోట కూర్చుంటుంది. అక్కడ ఇంకెవరైనా చెప్పులు విడిస్తే తీసి వీధిలో పారేస్తుంది. మనం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండాలని నేను మొక్కని మొక్కు లేదు. క్వార్టర్స్ రాబోతున్నాయని మీరు చెప్పినప్పుడు సంబరపడి కిటికీ తెరలకు గుడ్డ కూడా కత్తిరించాను. ఇప్పుడు ఆ గుడ్డ చూస్తే ఒళ్ళు మండుతోంది.

మీ భయం నాకు తెలుసు. ఆ వెల్డరు గారి కుటుంబాన్ని కాలనీలోంచి ఖాళీ చేయించారని మీరే చెప్పారు. వాళ్ళ పిల్లాడు అరుస్తున్నాడని పక్కిళ్ళ వాళ్ళు సంతకాలు పెట్టారని చెప్పారు. మనకూ అలాగే అవుతుందని భయపడ్డారు. భయపడితే నాకు చెప్పాలి. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. మీరు పిల్లను మార్చేశారు.

సరే, మీరు చెప్పినట్టే అనుకుందాం. సామాను కట్టుకుని వస్తాం. కాలనీ గేటు దగ్గర కాపలావాడు పాస్ మీద ఫోటో చూస్తాడు, తర్వాత గవ్వను చూస్తాడు. "ఈ పిల్ల ఎవరు?" అంటాడు. ఏం చెబుతారు? ఫోటోలో పిల్ల వెనక బండిలో వస్తోందని చెబుతారా? సరే, వాడూ కళ్ళు మూసుకుని వదిలేశాడనుకుందాం. లోపలికి వచ్చాక ఏం చేద్దాం? కిటికీలు మూసి, దాని నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చోనా? మీ స్నేహితులు టీకి వస్తే బీరువా వెనక దాచనా?

ఇంకొకటి అడుగుతాను. ఆ హెడ్‌ఫోన్లు ఎక్కడివి? మీవి. రేవు స్టోర్‌లో మీకు ఇచ్చినవే. కంటెయినర్ల చప్పుడుకి చెవులు పోతాయని కంపెనీ వాళ్ళు ఇచ్చినవి. ఒక సెలవులో మీరు బల్ల మీద పెడితే గవ్వ తీసి పెట్టుకుంది, ఆ రోజు మొదటిసారి వీధిలో హారన్ మోగుతున్నా ఏడవకుండా నడిచింది. మీరు మరో జత అడిగి తెచ్చుకుని అవి దానికి ఇచ్చేశారు. దాని తలకు పెద్దవైతే పట్టీ నేనే విప్పి, లోపల దూది పెట్టి కుట్టాను. రోజంతా మీరు పెట్టుకుంటే దాన్ని భద్రత అంటారు. పెట్టుకోకపోతే మీకు జరిమానా. అవే మీ కూతురు పెట్టుకుంటే రోగమా? మీ ఒక్కరి చెవులే చెవులా?

వీధిలో మీరు మాకు కాస్త ముందు నడుస్తారు. గవ్వ చేతులు ఆడించుకుంటూ ఎగిరినప్పుడల్లా మీ నడక ఇంకొంచెం పెరుగుతుంది. నేను చూడటం లేదనుకున్నారు. చూస్తూనే ఉన్నాను. పొడవాటి కాళ్ళ మనిషి, ఆయన నడకే అంత అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంక చెప్పుకోను.

చివరగా ఒక్కమాట, దీనికే నాకు ఏడుపు వచ్చింది. అసలు ఫోటో మీరు చూడలేదు. ఆ రోజు మీరు టీలు తేవడానికి వెళ్ళినప్పుడు కెమెరా వెనక చిన్న తెరలో నేను చూశాను. మీరు అడిగి పెట్టించుకున్న ఫోటోలో గవ్వ చేతులు రెండూ కిందికి చక్కగా ఉన్నాయి కదా. అసలు దాంట్లో ఒక చేతిలో టేపు ఉంది. రెండో చెయ్యి ఎక్కడుందో మీరే చూసుకోండి. ఎవరు ముట్టుకున్నా విదిలించుకునే పిల్ల అది. నన్ను కూడా తనకు కావాలన్నప్పుడే ముట్టుకుంటుంది. అన్నయ్యను అడగండి, పంపుతాడు. మీరు ఏం చెరిపించారో మీకు తెలియాలి.

నా నిర్ణయం ఇది. ఆ ఫోటో పెట్టి తీసుకున్న ఇంట్లో నేను అడుగుపెట్టను. ఆ ఫోటోలో ఉన్న పిల్లను తీసుకురమ్మంటే, ఆ పిల్ల నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్న పిల్ల కావాలంటే, దాని ఫోటో మీ చేత్తో మీరు ఇవ్వండి. ఇవ్వలేకపోతే సెలవులకు కూడా రాకండి. మేం ఇద్దరం ఉన్నాం, కుట్టుమిషన్ ఉంది, బతుకుతాం. తమాషాకి అనడం లేదు.

గవ్వ వాళ్ళ అమ్మ


*

నీకు,

నీకు ఏ పిలుపు రాయడానికీ నాకు ముఖం లేదు. నీలా రాయడం కూడా రాదు. క్రేను మీద చేతులతో సైగలు చేసి చేసి మాటలు తగ్గిపోయాయి. తప్పులుంటే సర్దుకో. వద్దు, సర్దుకోకు. సర్దడం అనే మాటే నాకు పడటం లేదు ఇప్పుడు.

నీ ఉత్తరం చదివి మొదట నాకూ కోపం వచ్చింది. ఇక్కడ నేను ఎండలో ఎక్కి దిగేది ఎవరి కోసం అనుకున్నాను. ఇల్లు కోసమే కదా చేశాను అనుకున్నాను. నీకు ఘాటుగా జవాబు రాయాలని కాగితం కూడా తీశాను. ఈలోగా బావ పంపిన ఫోటో వచ్చింది.

నా బెల్టు పట్టుకుంది.

గట్టిగా పట్టుకుందే. దాని వేళ్ళు బెల్టు లోపలికి దూర్చి పట్టుకుంది. నాకు తెలియనే లేదు. ఆ నిమిషంలో నేను పొట్ట లోపలికి పీల్చుకుని నిటారుగా నిలబడే హడావిడిలో ఉన్నాను. నా పిల్ల తనంతట తాను నన్ను పట్టుకున్నది అదొక్కసారే అయి ఉంటుంది, దాన్నే చెరిపించేశాను. మంచం మీద కూర్చుని ఏడ్చాను. పక్క మంచం వాడు ఎవరైనా పోయారా అని అడిగాడు.

మర్నాడు పని మానేసి క్వార్టర్స్ ఆఫీసుకి వెళ్ళాను. అసలు ఫోటో ఇచ్చాను. గుమాస్తా పాతదీ కొత్తదీ చూసి, "ఇదేంటి, పాప మారిపోయిందే" అన్నాడు. "పాతది మా పాప కాదు, నేను అబద్ధం ఇచ్చాను, ఇది మా పాప" అన్నాను. లోపల ఆఫీసరు పిలిచాడు. పాపకు ఏమిటని అడిగాడు. ఆటిజం అని చెప్పాను. ఆ మాట బయట మనిషితో నేను అనడం ఇదే మొదలు. అంటే ఏమీ అవలేదు, పైకప్పు కూలలేదు.

"అరుస్తుందా?" అన్నాడు.

"అరుస్తుందండీ. మన రేవు సైరన్ కూడా రోజూ అరుస్తుంది. దాన్ని ఎవరూ ఖాళీ చేయించలేదు" అన్నాను.

నా నోట్లోంచేనా ఆ మాట వచ్చింది అనిపించింది. నీ ఉత్తరం జేబులో ఉండబట్టి వచ్చి ఉంటుంది.

పాప గేటు పాస్ మీద ఫోటోలో చెవులకు ఏమీ ఉండకూడదు అన్నాడు. నా పాస్ తీసి చూపించాను. నా ఫోటోలో హెల్మెట్ ఉంది, ఎర్ర హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. "ఇది పని చేసేవాళ్ళకి" అన్నాడు. "మా పాపకు వీధిలో నడవడమే పనండీ" అన్నాను. వాడు చాలాసేపు గొణిగి చివరికి పాస్ మీద ముద్ర కొట్టాడు. ఇల్లు మాత్రం చుట్టుపక్కల వాళ్ళను అడిగాక చూద్దాం అన్నాడు.

నేనే అడుగుతానని ఆ వరసలో ప్రతి తలుపూ కొట్టాను. ఫోటో చూపించాను. ఒకాయన తలుపు వేసేశాడు. ఒకావిడ అయ్యో పాపం అంది, పాపం కాదమ్మా, పక్కింట్లో ఉంటాం అన్నాను. కొందరు చూద్దాం అన్నారు, నీళ్ళు నమిలారు. మా ఫోర్‌మన్ భార్య ఒక్కతే, పాప ఏం తింటుందని అడిగింది.

సాయంత్రం వెల్డరు నా బస దగ్గరికి వచ్చాడు. ఎవరో చెప్పారట. వాళ్ళు ఇప్పుడు గేటు బయట సందులో ఉంటున్నారు. నా ముందు నిలబడి, "నన్ను పంపించేసిన రోజు ఎక్కడున్నావు?" అన్నాడు. కూర్చోమని మంచం చూపించాను. కూర్చోలేదు. తర్వాత వాడే, "రేపు ఆఫీసుకి మళ్ళీ వెళ్తావా? నేనూ వస్తాను. ఇస్తే రెండు ఇళ్ళు పక్కపక్కన ఇమ్మందాం" అన్నాడు. వెళ్ళాం. ఆఫీసరు ఇద్దరినీ చూసి తల పట్టుకున్నాడు. పట్టుకోనీ. వారం వారం వెళ్తాం.

కానీ అది వచ్చేదాకా మీరు అక్కడ ఉండక్కర్లేదు. వెల్డరు వాళ్ళ పక్క ఇల్లు ఖాళీగా ఉంది. చూశాను. గోడలు లావుగా ఉన్నాయి, వీధి చప్పుడు తక్కువ. నీ మిషన్‌కి కిటికీ పక్కన చోటుంది. నువ్వు కత్తిరించిన తెరలు ఆ కిటికీకి సరిపోతాయో లేదో కొలత రాసి పంపుతున్నాను. వెల్డరు భార్య నిన్ను చూడాలంటోంది. వాళ్ళ పిల్లాడి గురించి తనూ ఎవరితోనూ మాట్లాడలేదట.

నేను సెలవు పెట్టాను. తీసుకెళ్ళడానికి వస్తున్నాను. రావద్దంటే గుమ్మం బయటే కూర్చుంటాను. నా చెప్పుల చోట పాప కూర్చుంటుందని రాశావు కదా, దాని పక్కనే కూర్చుంటాను.

ఇంకా ఏం రాయాలో తెలియదు. నడక తగ్గించుకుంటాను.

గవ్వ పట్టుకున్న బెల్టు వాడు


*

అన్నయ్యా,

మీ బావ వచ్చారు. స్టేషన్ నుంచి రాగానే సంచి దింపకుండా గవ్వ ముందు కూర్చున్నారు. అది ఆయన్ను చూడలేదు. ఆయన చెప్పుల జతను మాత్రం తీసి సరిగ్గా దాని చోట పెట్టింది. నిన్న ముగ్గురం బడి దాకా నడిచాం. గవ్వ చేతులు ఆడిస్తూ ఎగురుతుంటే మీ బావ నడక పెరగబోయింది, మళ్ళీ ఆగింది. గేటు దగ్గర ఆయనే టీచరమ్మతో మాట్లాడారు. కొత్త ఊరి బడికి కాగితాలు కావాలని మాత్రం కాదు, ఇంకా చాలా మాట్లాడారు. ఆవిడ నేల చూపులు చూసింది. నాకు కడుపు నిండింది.

నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం మూట కట్టుకుని తీసుకెళ్తున్నాను. కొత్త చోట తప్పకుండా పనికొస్తుంది.

జిప్పు సంచి వదిలేసి వెళ్ళినావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళ ఆడపడుచును వెంటబెట్టుకుని. మందు లేదని ఇద్దరికీ చెప్పాను. ఆ ఫోటో ఎలా తయారైందో కూడా చెప్పాను, నీ పరువు దక్కించలేదు, సారీ. ఆడపడుచు ఏడ్చింది. ఏడవడం అయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఆ హెడ్‌ఫోన్లు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగింది. ఒక జత తెప్పించి, పట్టీ తగ్గించి ఇస్తానన్నాను. వెళ్ళేలోపు అది నీ చేతికి ఇచ్చి పోతాను, ఆ ఆడపడుచు తీసుకోవడానికి స్టూడియోకే వస్తుంది.

ఇవాళ పొద్దున నీ స్టూడియో ముందుకు వెళ్ళాం. అసలు ఫోటో పెట్టావు. అంత పెద్దది చేసి పెడతావనుకోలేదు. నువ్వు లోపల ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నావు, పిలవలేదు. గవ్వ మళ్ళీ అందరి మీదా వేలు పెట్టి చెప్పుకుంటూ వచ్చింది. "అమ్మ. నాన్న. అమ్మమ్మ. మామయ్య. అత్త. పెద్దపాప." చివరికి ఎర్ర హెడ్‌ఫోన్ల మీద వేలు ఆగింది. ఇంకో చేత్తో తన తల మీది హెడ్‌ఫోన్లు తడుముకుంది. "గవ్వ" అంది.

ఆ మాట విని దారిన పోయేవాళ్ళు నలుగురు ఆగి, ఫోటోనూ పిల్లనూ మార్చి మార్చి చూడటం మొదలుపెట్టారు. ఒకాయన బాగా వంగి దాని ముఖంలోకి చూడబోయాడు. నేను నోరు తెరిచేలోపే అది టేపు టప్పున నొక్కి, బస్సు గొంతుతో గట్టిగా చెప్పింది. "తలుపులకు దూరంగా నిలబడండి. దయచేసి దూరంగా నిలబడండి."

మీ బావ నాకంటే ముందే అందుకున్నారు. "విన్నారుగా, మా అమ్మాయి చెప్పింది, జరగండి" అన్నారు.

అందరూ జరిగారు అన్నయ్యా.

ఇట్లు,
నీ చెల్లెలు, గవ్వ వాళ్ళ అమ్మ